ట్రే డ్రయ్యర్‌లో తొమ్మిది హీటర్లు: ఏది పోయిందో ఆర్డుయినోతో ఎలా పట్టుకోవాలి?

డ్రయ్యర్‌బాబు

మునగాకు, కరివేపాకు ఆరబెట్టే ట్రే డ్రయ్యర్. 1 కిలోవాట్ ఫిన్ హీటర్లు తొమ్మిది, ఫేజ్‌కి మూడు చొప్పున. స్టార్ కనెక్షన్, న్యూట్రల్ ఉంది. ఫేజ్‌కో 40 ఆంప్ ఎస్‌ఎస్‌ఆర్ (సాలిడ్ స్టేట్ రిలే, ఎలక్ట్రానిక్ స్విచ్), మూడిటికీ ఒకే పీఐడీ కంట్రోలర్ (వేడిని బట్టి ఆన్ సమయం సర్దేది) నుంచి 12 వోల్ట్ల డ్రైవ్ (ఆన్ చేసే సిగ్నల్). సైకిల్ టైమ్ 2 సెకన్లు, సెట్ పాయింట్ 55 డిగ్రీలు.

ఒక హీటర్ పోయినా ఎవరికీ తెలియడం లేదు. డిస్‌ప్లే మీద 55 అలాగే ఉంటుంది, కంట్రోలర్ మిగతావాటిని ఇంకాసేపు ఆన్‌లో పెట్టి సర్దేస్తుంది. రెండోదో మూడోదో పోయాక, పచ్చి ఆకు నింపినప్పుడు వేడి ఎక్కకపోతే గానీ అనుమానం రాదు. అప్పుడు క్లాంప్ మీటర్‌తో ఒక్కో వైరూ చూసుకోవాలి. ప్రతి హీటర్‌కీ టెర్మినళ్ల మధ్య నియాన్ ల్యాంప్ ఉంది, కానీ పోయిన హీటర్ ల్యాంప్ కూడా వెలుగుతూనే ఉంది!

ఆర్డుయినో నానోకి (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు) 20 ఆంప్ ఏసీఎస్712 కరెంట్ సెన్సార్ మాడ్యూల్ పెట్టి, ఫేజ్ కరెంట్ 11 ఆంప్స్ కన్నా తగ్గితే అలారం మోగేలా రాశాను. రీడింగ్ ఒకసారి 13, ఒకసారి 4, ఒకసారి సున్నా, మళ్లీ 9. మా దగ్గర వోల్టేజ్ పగలు 205కి పడిపోతుంది, అర్ధరాత్రి 245. దీన్ని నిలకడగా ఎలా కొలవాలి? వీలైతే ఏ హీటర్ పోయిందో కూడా తెలియాలి.

మెగ్గర్‌మాస్టారు

ముందు నియాన్ సంగతి. ఆ ల్యాంప్ హీటర్‌కి ప్యారలల్‌లో ఉంది. అది చెప్పేది టెర్మినల్ దాకా వోల్టేజ్ వచ్చిందని మాత్రమే. లోపల కాయిల్ తెగినా వోల్టేజ్ వస్తూనే ఉంటుంది కాబట్టి వెలుగుతుంది. కరెంట్ పారుతోందో లేదో తెలియాలంటే సిరీస్‌లోనే చూడాలి.

రీడింగ్ గంతులేయడానికి సెన్సార్‌ని తిట్టకండి. ఎస్‌ఎస్‌ఆర్ 2 సెకన్లలో కొంతసేపు ఆన్, కొంతసేపు ఆఫ్. మీరు ఎప్పుడు పడితే అప్పుడు కొలుస్తున్నారు. సగం ఆన్‌లో, సగం ఆఫ్‌లో పడిన కొలతే ఆ 4, ఆ 9. కంట్రోలర్ ఎప్పుడు ఆన్ చేసిందో నానోకి తెలియాలి. ఎస్‌ఎస్‌ఆర్ డ్రైవ్ వైర్ల మీద ప్యారలల్‌గా 2.2 కిలో ఓమ్ రెసిస్టర్‌తో ఒక పీసీ817 ఆప్టోకప్లర్ (వైర్లు కలపకుండా సిగ్నల్‌ని వెలుతురుతో దాటించేది) పెట్టండి. దాని అవుట్‌పుట్ నానో డిజిటల్ పిన్‌కి. అది లాగేది 5 మిల్లీఆంప్స్ లోపే. అయినా మూడు ఎస్‌ఎస్‌ఆర్‌లు ఇప్పటికే ఒకే అవుట్‌పుట్ మీద ఉన్నాయి కాబట్టి, కలిపిన తర్వాత డ్రైవ్ వోల్టేజ్ పడిపోలేదని మీటర్‌తో చూసుకోండి.

తర్వాత వరుస ఇలా. ఆన్ సిగ్నల్ వచ్చాక 40 మిల్లీసెకన్లు ఆగాలి, అంటే రెండు సైకిళ్లు. ఆపైన సరిగ్గా 200 మిల్లీసెకన్లు, అంటే 50 హెర్ట్జ్‌కి పది పూర్తి సైకిళ్లు, శాంపిల్స్ తీయాలి. చివర్లో ఆన్ సిగ్నల్ ఇంకా ఉందో లేదో చూసి, లేకపోతే ఆ కొలత పారేయాలి. వరుసగా ఐదు కొలతలు తప్పు చూపిస్తేనే అలారం.

2 సెకన్ల సైకిల్‌లో ఈ లెక్క కుదరాలంటే కంట్రోలర్ అవుట్‌పుట్ 13 శాతం పైన ఉండాలి. ఆకు ఆరిపోవచ్చే సమయానికి మీకు అంత ఉండకపోవచ్చు. అప్పుడు తీర్పు ఇవ్వకుండా పాత ఫలితాన్నే ఉంచండి. పొద్దున స్టార్ట్ చేసి, పచ్చి ఆకు నింపాక అవుట్‌పుట్ నూటికి నూరు ఉండే ఆ కాసేపు కొలతకి బంగారం లాంటి సమయం.

ఇక 11 ఆంప్స్ హద్దు. 230 దగ్గర ఒక హీటర్ 4.35 ఆంప్స్, 52.9 ఓమ్. మూడు హీటర్లు 205 వోల్ట్ల దగ్గర 11.6 ఆంప్స్, రెండు హీటర్లు 245 దగ్గర 9.3. కాగితం మీద 11 పనిచేస్తుంది. కానీ హీటర్లు పేరుకి 1000 వాట్లే, 5 శాతం ఎక్కువా 10 శాతం తక్కువా మామూలే. తక్కువవి మూడూ ఒకే ఫేజ్‌లో పడితే 205 దగ్గర 10.5 వస్తుంది, అన్నీ బాగున్నా అలారం మోగుతుంది. అందుకే కరెంట్ చూడొద్దు, ఓమ్స్ చూడండి. వోల్టేజ్‌ని కూడా కొలిచి కరెంట్‌తో భాగిస్తే మూడు హీటర్లకి 17.6, రెండిటికి 26.5, ఒక్కదానికి 52.9 ఓమ్. లైన్ వోల్టేజ్ ఎంత ఆడినా ఈ అంకెలు కదలవు. నిక్రోమ్ కాబట్టి చల్లగా ఉన్నప్పుడు వచ్చేదానికీ వేడెక్కాక వచ్చేదానికీ తేడా 5 శాతం దగ్గర ఉంటుంది, అంతే. ఫర్నేసుల్లో వాడే మాలిబ్డినం డైసిలిసైడ్ ఎలిమెంట్లయితే ఈ మాట చెల్లదు, అవి చల్లారినప్పటికీ కాగినప్పటికీ పది రెట్లకు పైగా మారతాయి.

బర్డెన్‌రెసిస్టర్

మాస్టారు చెప్పిన ఓమ్స్ లెక్క కరెక్ట్. దానికి సామాన్లు నేను చెప్తా.

ఏసీఎస్712 తీసేయండి. అది పనిచేయక కాదు, 13 ఆంప్స్ మెయిన్స్ కరెంట్‌ని ఆ చిన్న బోర్డు మీదా, ఆ రెండు స్క్రూల మీదా రోజంతా నడపడం నాకు నచ్చదు. స్క్రూ వదులైతే ముందు కాలేది అదే. దానికి బదులు ఎస్‌సీటీ-013-030, క్లిప్‌లా తెరుచుకునే సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్). 30 ఆంప్స్‌కి 1 వోల్ట్ ఇస్తుంది, బర్డెన్ రెసిస్టర్ (కరెంట్‌ని వోల్టేజ్‌గా మార్చేది) లోపలే ఉంటుంది, బయట ఇంకోటి పెట్టకండి. దీనికి కవల లాంటి 000 మోడల్‌లో బర్డెన్ ఉండదు. అది 100 ఆంప్స్‌కి 50 మిల్లీఆంప్స్ ఇచ్చేది. షాపులో ఒకటి అడిగితే ఇంకోటి ఇస్తారు, ఒంటి మీద నంబర్ చదివి తీసుకోండి.

వోల్టేజ్‌కి ఫేజ్‌కో జెడ్‌ఎంపీటీ101బీ మాడ్యూల్ (పీటీ, అంటే వోల్టేజ్ కొలిచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్). ఒక్క ఫేజ్ కొలిచి మూడిటికీ వాడుకుందాం అనుకోకండి, ఫేజ్‌లు మూడూ ఒకేలా పడవు. ఆ మాడ్యూల్ మీద ఎల్‌ఎం358 యాంప్లిఫయర్ చిప్ ఉంటుంది. 5 వోల్ట్ల సప్లై మీద దాని అవుట్‌పుట్ 3.5 దాటి పైకి పోదు. ట్రిమ్‌పాట్ (స్క్రూతో సర్దే రెసిస్టర్) పూర్తిగా తిప్పేస్తే వేవ్ తల తెగిపోయి, 245 వోల్ట్లు వచ్చినా 225 అని చూపిస్తుంది. సైన్ వేవ్ పైభాగం 3.2 వోల్ట్ల దగ్గర ఆగేలా తిప్పి, ట్రిమ్‌పాట్ మీద నెయిల్ పాలిష్ చుక్క వేయండి. ఫ్యాన్ వైబ్రేషన్‌కి అది తిరుగుతుంది.

మూడు సీటీలు, మూడు పీటీలు, ఆరు అనలాగ్ పిన్లు. నానోలో ఎనిమిది ఉన్నాయి, సరిపోతాయి. సీటీకి రెండు 10 కిలో ఓమ్ రెసిస్టర్లతో 2.5 వోల్ట్ల మధ్య బిందువు, దాని నుంచి గ్రౌండ్‌కి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్. సీటీ ఒక వైరు ఆ బిందువుకి, రెండోది అనలాగ్ పిన్‌కి.

ఇక ఏ హీటరో తెలియాలన్నారు. తొమ్మిది సీటీలు కొని మల్టీప్లెక్సర్ (ఒకే పిన్‌కి ఒక్కో సెన్సార్‌నీ వంతులవారీగా కలిపే చిప్) పెట్టొచ్చు, తప్పేం లేదు. కానీ ఫేజ్‌కి ఒక్క సీటీతోనే అయ్యే పని ఇది. సీటీ రంధ్రంలోంచి వైరు ఎన్నిసార్లు దూరితే కరెంట్ అన్ని రెట్లు కనిపిస్తుంది. ఒకటో హీటర్ వైరుని ఒకసారి, రెండోదాన్ని రెండుసార్లు, మూడోదాన్ని నాలుగుసార్లు దూర్చండి. మొత్తం 7 పాళ్లు. అంటే 7 × 4.35 = 30.4 ఆంప్స్, 030 సీటీకి కొలిచి కుట్టినట్టు. ఒకటోది పోతే 6 పాళ్లు, రెండోది పోతే 5, మూడోది పోతే 3. ఒకటీ రెండూ కలిసి పోతే 4. ఏ కలయిక తీసుకున్నా ఇంకోదానితో కలవదు.

అన్నీ బాగున్నప్పుడు కరెంట్‌ని వోల్టేజ్‌తో భాగిస్తే వచ్చే అంకెను (ఓమ్స్‌కి తిరగేసింది) 1.00 అనుకుంటే ఆ మెట్లు 0.857, 0.714, 0.571, 0.429 అలా వస్తాయి. హద్దులు మెట్ల మధ్యలో పెట్టుకోండి, మొదటిది 0.93. ఇక్కడ వోల్టేజ్ లెక్క తప్పనిసరి. 205 వోల్ట్ల దగ్గర ఉత్త కరెంట్ 0.89కి పడుతుంది, నిక్షేపంలా ఉన్న ఒకటో హీటర్ పోయిందని చెప్తుంది.

కోడ్‌లో చాలామంది పడే గుంత: మధ్య విలువ తీసేసిన అనలాగ్ రీడింగ్‌ని ఇంట్‌లో (చిన్న పూర్ణసంఖ్య రకం) ఉంచి దాన్ని దానితోనే గుణిస్తారు. నానోలో ఇంట్ 16 బిట్లే. 181 దాటిన దేన్ని వర్గం చేసినా 32767 దాటి మైనస్‌లోకో ఇంకో తప్పు అంకెలోకో పోతుంది. కరెంట్ తక్కువున్నప్పుడు బాగుంటుంది, ఎక్కువైతే చెత్త వస్తుంది. గుణించే ముందే లాంగ్‌గా (32 బిట్ల రకం) మార్చండి. వోల్టేజ్, కరెంట్ శాంపిల్స్‌ని ఒకటి విడిచి ఒకటి తీస్తే 200 మిల్లీసెకన్లలో దాదాపు 890 జతలు వస్తాయి. వర్గాల మొత్తం 32 బిట్లలో హాయిగా పడుతుంది. సగటు తీసేసి ఆర్‌ఎంఎస్ (వర్గాల సగటుకి వర్గమూలం) కట్టండి, మధ్య బిందువు 2.5కి కాస్త అటూ ఇటూ ఉన్నా పోతుంది. ఇంకో లాభం, రెండు రీడింగులూ ఒకే 5 వోల్ట్ల రిఫరెన్స్ మీద ఉన్నాయి కాబట్టి భాగించినప్పుడు దాని ఊగిసలాట కొట్టుకుపోతుంది. చవక అడాప్టర్‌తో కూడా నడుస్తుంది.

డ్రయ్యర్‌బాబు

చుట్ల ఐడియా అదిరింది అన్నా. రెండు సందేహాలు. ఆ రంధ్రం 13 మిల్లీమీటర్లే కదా, ఏడు వైర్లు పడతాయా? నానో బదులు నా దగ్గరున్న వైఫై బోర్డు ఈఎస్‌పీ32 వాడితే ఫోన్‌లో కూడా చూడొచ్చు, పర్లేదా?

బర్డెన్‌రెసిస్టర్

ఏడు గుండ్రటి వైర్లు ఒక కట్టగా పట్టడానికి వైరు మందానికి మూడు రెట్ల రంధ్రం కావాలి. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. 1.5 చదరపు మిల్లీమీటర్ వైరు ఇన్సులేషన్‌తో కలిపి 3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, 9 చాలు. 2.5 వైరు అయితే 11.5 దాకా పోతుంది, పడుతుంది గానీ క్లిప్ మూసేటప్పుడు విసుగొస్తుంది. 4.35 ఆంప్స్‌కి 1.5 ధారాళం. ఇదంతా ప్యానెల్‌లోనే చేయండి. హీటర్ దగ్గరికి పోయే ఫైబర్‌గ్లాస్ స్లీవ్ వైర్లని చుట్లు తిప్పితే పైపూత చిట్లుతుంది.

క్లిప్ టక్‌మని మూసుకోవాలి. రెండు ఫెర్రైట్ ముఖాల మధ్య ఆకు పొడి పడినా, వైరు కట్ట ఒత్తిడికి సన్నటి సందు మిగిలినా రీడింగ్ తగ్గుతుంది. మూడు నెలలు బాగా పనిచేసి తర్వాత మూడు హీటర్లూ కొద్దికొద్దిగా నీరసించినట్టు కనిపిస్తే ముందు అదే తుడవండి.

ఈఎస్‌పీ32తో ఇబ్బంది ఉంది. మధ్య బిందువు 1.65 అవుతుంది, 30 ఆంప్స్ దగ్గర వేవ్ పైభాగం 3.06 వోల్ట్ల దాకా పోతుంది. ఆ చిప్ ఏడీసీ (వోల్టేజ్‌ని అంకెగా మార్చే భాగం) 2.45 దాటాక సాఫీగా చదవదు. వాడాలనే ఉంటే సీటీ అవుట్‌పుట్‌ని రెండు సమాన రెసిస్టర్లతో సగం చేసి ఇవ్వండి, 32 నుంచి 39 వరకు ఉన్న పిన్లే వాడండి, మిగతావి వైఫై ఆన్ చేస్తే చదవవు. నా మాట వింటే కొలత నానోకి వదిలేసి, ఫలితం మాత్రం సీరియల్‌లో ఈఎస్‌పీ32కి పంపించండి.

స్టార్‌డెల్టా

చుట్ల పద్ధతిలో ఒక మోసం ఉంది, అది పట్టుకోకపోతే బాగున్న హీటర్లు విప్పుతారు. ఎస్‌ఎస్‌ఆర్ లోపల ఎదురెదురుగా రెండు థైరిస్టర్లు (ఒక్కోటీ ఒక్కో దిక్కు కరెంట్‌ని వదిలే స్విచ్‌లు) ఉంటాయి. వాటిలో ఒకటి ఫైర్ కావడం మానేస్తే హీటర్లకి సగం వేవే అందుతుంది. సీటీ డీసీని దాటించదు కాబట్టి, కోర్ సాచురేట్ కాకపోతే, మీకు కనిపించేది 0.55 దగ్గర. ఒకటీ రెండూ కలిసి పోయినప్పటి 0.571కి అది పక్కింటిదే. తేడా పట్టడం తేలిక. శాంపిల్స్‌లో సగటుకి పైన గరిష్ఠం ఎంత, కింద గరిష్ఠం ఎంత అని రెండూ దాచుకోండి. మామూలు వేవ్‌లో రెండూ సమానం. సగం వేవ్‌లో ఒకవైపు ఇంకోవైపుకి దాదాపు రెట్టింపు. ఆ తేడా కనిపిస్తే హీటర్ పేరు చెప్పకుండా ఎస్‌ఎస్‌ఆర్ అని చెప్పించండి.

ఎస్‌ఎస్‌ఆర్‌లు ఎక్కువగా పోయేది షార్ట్ అయి. దాన్ని కూడా ఇదే సీటీ పట్టిస్తుంది. డ్రైవ్ ఆఫ్ అయి 100 మిల్లీసెకన్లు దాటాక కూడా 1 ఆంప్ పైన కనిపిస్తే షార్ట్. అంతకన్నా కింద హద్దు పెట్టకండి. 10 బిట్ల ఏడీసీలో ఒక మెట్టే 0.15 ఆంప్, పైగా ఎస్‌ఎస్‌ఆర్ ఆఫ్‌లో ఉన్నా దాని స్నబ్బర్ (రక్షణ సర్క్యూట్) గుండా కారే కాస్త కరెంట్ ఏడు చుట్లలో పెరిగి కనిపిస్తుంది.

న్యూట్రల్ కూడా చూసుకోండి. అన్ని హీటర్లూ బాగున్నంత కాలం న్యూట్రల్ వదులైనా తెలియదు, మూడు ఫేజ్‌లూ సమానం కాబట్టి. ఒక హీటర్ పోయిన క్షణం నుంచి స్టార్ పాయింట్ జరుగుతుంది. రెండే మిగిలిన ఫేజ్ మీద 230 కాస్తా 259 అవుతుంది, ఆ రెండూ 27 శాతం ఎక్కువ పవర్ మోస్తాయి, అవీ తొందరగా పోతాయి. ఒక ఫేజ్‌లోనే వరసగా హీటర్లు పోతుంటే న్యూట్రల్ లింక్ బిగించి చూడండి. పీటీ న్యూట్రల్ వైరు మెయిన్ స్విచ్ దగ్గర కాకుండా హీటర్ల స్టార్ పాయింట్ దగ్గరే తగిలిస్తే ఓమ్స్ లెక్క అప్పుడు కూడా తప్పదు.

డెల్టా హీటర్లున్న వాళ్లు ఈ థ్రెడ్ చదివి మూడు లైన్లలో సీటీలు పెడితే ఇంకోలా కనిపిస్తుంది. ఒక ఎలిమెంట్ తెగితే దాన్ని పట్టుకున్న రెండు లైన్లూ 0.577కి పడతాయి, మూడోది కదలదు. తగ్గిన రెండు లైన్ల మధ్య ఉన్నదే దోషి. అలా కాక ఒక లైన్ సున్నా అయి మిగతా రెండూ 0.866 చూపిస్తే హీటర్లు బాగానే ఉన్నాయి, ఆ లైన్ ఫ్యూజ్ పోయింది.

మెగ్గర్‌మాస్టారు

నాది ఇంకో మాట. హీటర్ పోవడమంటే కాయిల్ తెగడం ఒక్కటే కాదు. తెగిన కొస పైపుకి ఆనితే కరెంట్ తగ్గకపోగా పెరుగుతుంది. 1.08 దాటితే కూడా అలారం పెట్టండి. పచ్చి ఆకు ఆవిరి ఉన్నచోట టెర్మినల్ సీల్ లోంచి తేమ లోపలికి పోయి మెగ్నీషియం ఆక్సైడ్ పొడి పీల్చుకుంటుంది. దాన్ని ఫేజ్ సీటీ పట్టలేదు. 500 వోల్ట్ల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్) ఎర్త్‌కి చూడాలి, ఆర్‌సీసీబీ (ఎర్త్ లీకేజీ ఉంటే ట్రిప్ అయ్యే బ్రేకర్) ఉండాలి. వానాకాలం మూలన పడేసిన కొత్త హీటర్ కూడా మెగ్గర్ తక్కువ చూపిస్తుంది. 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాల్చి మళ్లీ చూడండి, చాలావరకు కోలుకుంటుంది.

ఎస్‌ఎస్‌ఆర్ షార్ట్ అయిందని నానో అరిచినా కరెంట్ ఆపలేదు. ఆపాల్సింది మెయిన్ కాంటాక్టర్ (పెద్ద పవర్ రిలే). దాని కాయిల్‌కి సిరీస్‌లో విడిగా ఒక క్యాపిలరీ థర్మోస్టాట్, ఫ్యాన్ గాలి స్విచ్ పెట్టండి. ఆ రెండిటికీ నానోతో సంబంధం ఉండకూడదు.

డ్రయ్యర్‌బాబు

వైరింగ్ అయింది, వేడెక్కాక కొలిచాను. మూడు ఫేజ్‌ల మీదా 222 వోల్ట్లు. ఆర్ ఫేజ్ 29.2, బీ ఫేజ్ 29.5 ఆంప్స్. వై ఫేజ్ మాత్రం 21.1. క్లాంప్ మీటర్‌తో విడివిడిగా చూస్తే వై ఫేజ్ హీటర్లు మూడూ 4.2 చూపిస్తున్నాయి. సీటీ మార్చినా అంతే.

బర్డెన్‌రెసిస్టర్

ఒక పాలు 4.2. 21.1ని 4.2తో భాగిస్తే 5. మీకు రావాల్సింది 7, రెండు పాళ్లు పోయాయి, హీటర్లేమో బాగున్నాయి. ఒక చుట్టు వైరు ఎదురు దిక్కు నుంచి దూర్చారు. అది కలవాల్సింది పోయి తీసివేతలో పడింది, 6 − 1 = 5. రెండు చుట్లది తిరగబడితే 3 వచ్చేది. వై ఫేజ్ ఒకటో హీటర్ వైరు తీసి, మిగతావి ఏ వైపు నుంచి దూరాయో ఆ వైపు నుంచే దూర్చండి.

డ్రయ్యర్‌బాబు

అదే. ఇప్పుడు 29.3. ఈ అంకెల్ని కోడ్‌లో నేరుగా రాసేయనా?

బర్డెన్‌రెసిస్టర్

వద్దు. ఒక పుష్ బటన్ పెట్టి, ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటే అప్పటి ఓమ్స్ ఈఈప్రామ్‌లో (కరెంట్ పోయినా చెరగని మెమరీ) రాసేలా చేయండి. అవుట్‌పుట్ నూటికి నూరు ఉన్నప్పుడు, పది నిమిషాలు వేడెక్కాకే నొక్కాలి. కొత్త హీటర్ వేసిన ప్రతిసారీ మళ్లీ నొక్కాలి, ఎందుకంటే కొత్తది పాతదానికన్నా 5 శాతం అటూ ఇటూ ఉంటుంది. నాలుగు చుట్లలో పడితే అది పెద్దగానే కనిపిస్తుంది. హీటర్ పోయి ఉండగా ఎవరైనా అలారం ఆపడానికి ఆ బటన్ నొక్కితే పోయినదాన్నే కొలమానం చేసుకుంటుంది. అందుకని ఫేజ్ మొత్తం 6.5 పాళ్ల కన్నా తక్కువుంటే నేర్చుకోవడానికి ఒప్పుకోకూడదని కోడ్‌లో ఒక షరతు రాయండి, బటన్ ప్యానెల్ డోర్ లోపలి వైపు పెట్టండి.